హన్మకొండలో కొన్న ‘స్వోర్డ్ ఫిష్’ ముక్కలు అసలువేనా, గర్భిణికి పెట్టవచ్చా?

మీరు అడిగినవి మూడు సంగతులు. హన్మకొండలోని ఒక దుకాణంలో ‘బోన్‌లెస్ స్వోర్డ్ ఫిష్’ అని చెప్పి ఇచ్చిన కిలో ముక్కలు నిజంగా ఆ చేపవేనా అన్నది ఒకటి, ఐదో నెల నడుస్తున్న మీ చెల్లెలికి వాటిని వండిపెట్టవచ్చా అన్నది రెండోది, విదేశాల్లో ఈ చేపను గాలంతో పట్టడాన్ని అంత గొప్ప ఆటగా ఎందుకు చెప్పుకుంటారన్నది మూడోది. వీటిలో వాయిదా వేయకూడనిది రెండోది కాబట్టి దాని జవాబు ముందే చెబుతున్నాను: పెట్టకండి. అవి అసలైన స్వోర్డ్ ఫిష్ ముక్కలే అయినా పెట్టకూడదు; దుకాణంవాడు మీకు వేరే చేప అంటగట్టి ఉంటే, ఆ పేరుతో మామూలుగా అంటగట్టేవి ఏవో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను, అప్పుడు కూడా పెట్టకూడదు. పోయిన వారం ఆమె ఒకసారి రెండు ముక్కలు తిన్నదని రాశారు. దానికి కంగారు పడనక్కరలేదు. ఈసారి పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరుగారికి ఆ మాట చెప్పి, ఇక మీదట ఆపితే చాలు.

నేను నర్సంపేట పక్కన పుట్టి, పాకాల చెరువు చేపలు తింటూ పెరిగి, మత్స్యశాస్త్రం చదువుకొని, విశాఖపట్నం నుంచి సముద్రం లోపలికి వెళ్లే లాంగ్‌లైన్ ఓడల మీద పద్దెనిమిదేళ్లు పనిచేసినవాణ్ణి. ఉద్యోగం ముగిశాక హన్మకొండలోనే స్థిరపడ్డాను. అందువల్ల ఈ చేప సముద్రంలో ఎలా ఉంటుందో, మన ఊరి ఐస్ డబ్బాలోకి ఎలా వస్తుందో రెండూ చూసే అవకాశం కలిగింది.

ఈ చేప విషయంలో సగం గందరగోళం పేరు దగ్గరే పుడుతుంది. ఉత్తరాంధ్ర రేవుల్లో మత్స్యకారులు పొడవాటి ముక్కున్న పెద్ద సముద్రపు చేపలను కొమ్ముకోనాం అంటారు. మనం వరంగల్‌లో వంజరం అని కొనేదాన్ని అక్కడ కోనాం అంటారు కాబట్టి, కొమ్ముకోనాం అంటే కొమ్మున్న వంజరం అన్నమాట. పేరు ముచ్చటగానే ఉంది గానీ సెయిల్ ఫిష్, మార్లిన్, స్వోర్డ్ ఫిష్ అన్నీ ఆ ఒక్క పేరు కిందికే వస్తాయి. పుస్తకాల్లో దీనిని ఖడ్గమత్స్యం అని, కత్తి చేప అని రాస్తారు. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పెట్టిన శాస్త్రీయ నామం జిఫియాస్ గ్లాడియస్. అందులో మొదటి మాట గ్రీకు, రెండోది లాటిన్, రెండూ కత్తినే సూచిస్తాయి. ఈ కుటుంబంలో నేడు ప్రపంచం మొత్తానికి ఈ ఒక్క జాతే ఉన్నది. రెండు వైపులా రంపపు పళ్లున్న ముక్కుతో కనిపించే సాఫిష్ పూర్తిగా వేరు; అది సొరచేపల బంధువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూల్‌లో ఉన్నందున దానిని పట్టినా అమ్మినా నేరమవుతుంది. ఈ రెంటినీ ఒకటిగా పొరబడి ఫొటోలు తిప్పేవారు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ మాట చెప్పవలసి వచ్చింది.

నిలువెత్తు చేపను చూస్తే పోల్చుకోవడం కష్టం కాదు. మార్లిన్, సెయిల్ ఫిష్‌ల ముక్కు బల్లెంలా గుండ్రంగా ఉంటే, దీని ముక్కు నిజంగానే కత్తిలా చదునుగా, అంచులు పదునుగా ఉంటుంది. వీపు మీది రెక్క కొడవలిలా బిగుసుకొని నిలబడుతుందే తప్ప ముడుచుకోదు. పొట్ట కింద ఉండవలసిన రెక్కల జత దీనికి అసలే లేదు. ఎదిగిన చేపకు పళ్లూ ఉండవు, పొలుసులూ ఉండవు. ఆడ చేపలు మగవాటికంటే బాగా పెద్దవవుతాయి. అన్నిటికంటే పెద్దవి నాలుగున్నర మీటర్ల పొడవు, 650 కిలోల బరువు వరకూ చేరతాయని చెబుతారు. బంగాళాఖాతంలో నా కళ్లతో చూసినవి అందులో పదో వంతు కూడా తూగేవి కావు.

మా పని ఇలా సాగేది. పొద్దు వాలే వేళకు కిలోమీటర్ల కొద్దీ పొడవున్న తాడును తేలే బంతులు కట్టి సముద్రంలోకి వదిలేవాళ్లం. దానికి వేలాడే ఒక్కొక్క గాలానికి స్క్విడ్ అనే మెత్తని సముద్రజీవిని ఎరగా గుచ్చి, కొన్నిటి దగ్గర చిన్న వెలుగు గొట్టాలు కట్టి, తెల్లవారాక లాగడం మొదలుపెట్టేవాళ్లం. ఎక్కువగా ట్యూనాలు, సొరలు వచ్చేవి. చాలా ఉదయాలు కత్తి చేప ఒక్కటీ పడేది కాదు. పడిన రోజు డెక్ మీద అందరూ దూరంగా జరిగేవాళ్లు, ఎందుకంటే ప్రాణం పోయిందనుకున్నది కూడా ఒక్కసారి తల విసిరితే ఆ కత్తి మోకాలి ఎత్తున తిరుగుతుంది. ఒకనాడు వంటవాడు తల కోసి పక్కన పెడుతుంటే నేను కూర్చొని దానిని నిదానంగా విప్పి చూశాను. కన్ను నా పిడికిలంత ఉన్నది, నల్లని నీలంతో తడిగా మెరుస్తున్నది. ఆ కంటి వెనక, మెదడుకు ఆనుకొని, కాలేయం ముక్కలా ముదురు గోధుమ రంగులో ఒక కండ ముద్ద కనిపించింది. కాలేజీలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నది చేతిలోకి వచ్చేసరికి కొంతసేపు పని మరిచిపోయాను.

ఆ ముద్దే ఈ చేప బతుకుకు మూలం. కంటిని తిప్పే కండరాలలో ఒకటి, తన కదలిక పని మానుకొని, వేడి పుట్టించే పొయ్యిగా మారిపోయింది. దానిలో సాగి ముడుచుకునే పోగులు దాదాపు లేవు. ఆహారాన్ని శక్తిగా మార్చే మైటోకాండ్రియాలే కిక్కిరిసి ఉంటాయి. అవి పుట్టించే వేడి వల్ల కన్నూ మెదడూ చుట్టూ ఉన్న నీటికంటే 10 నుంచి 15 డిగ్రీలు వెచ్చగా ఉంటాయి. మిగిలిన ఒళ్లంతా సముద్రంతో పాటే చల్లబడుతుంది. ఈ వేడి ఏర్పాటును ఫ్రాన్సిస్ కేరీ అనే శాస్త్రవేత్త 1982లో వెల్లడించారు. ఆ తరువాత 2005లో వెలువడిన పరిశోధన ప్రకారం, చల్లని కంటితో పోలిస్తే వెచ్చని కన్ను వేగంగా కదిలే వస్తువును పదింతలకు పైగా బాగా గుర్తించగలదు. పగలంతా 500, 600 మీటర్ల లోతున, చీకట్లో, చలిలో స్క్విడ్‌లను వేటాడి, రాత్రి అవి పైకి వచ్చేటప్పుడు వాటి వెంటే పైకి రావడం ఈ చేప దినచర్య. ఎర చేపలు చలికి మందగించి ఉంటే, వాటిని తినే ఈ చేప మాత్రం కళ్లు తేటగా పెట్టుకొని దిగుతుంది. కత్తిని ఈటెలా గుచ్చడానికి కాకుండా, గుంపు మధ్యలో అటూ ఇటూ విసిరి చీల్చడానికి వాడుతుంది. అలాగని గుచ్చదని కాదు. 1967లో ఆల్విన్ అనే అమెరికా పరిశోధక జలాంతర్గామి సుమారు 600 మీటర్ల లోతున ఉండగా ఒక కత్తి చేప వచ్చి దాని పైతొడుగు సందులో ముక్కు ఇరికించుకొని, జలాంతర్గామితో పాటే పైకి వచ్చింది; ఆ రాత్రి సిబ్బంది దానినే వండుకొని తిన్నారు.

ఈ లోతు కథనంతా ఇంత విస్తరించి చెప్పడానికి కారణం ఉన్నది, మీ చెల్లెలి ప్రశ్నకు జవాబు అక్కడే ఉన్నది. సముద్రంలో కలిసిన పాదరసాన్ని సూక్ష్మజీవులు మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. దానిని నాచూ సూక్ష్మప్రాణులూ పీల్చుకుంటాయి, వాటిని చిన్న చేపలు, ఆ చిన్న చేపలను స్క్విడ్‌లు, స్క్విడ్‌లను కత్తి చేప తింటాయి. మెట్టు మెట్టుకూ అది చిక్కబడుతుంది. పైగా లోతున మేసే జీవాలలో పాదరసం మరింత ఎక్కువగా ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఇన్ని మెట్ల పైన కూర్చొని, ఏళ్ల తరబడి తింటూ పెరిగే చేప ఒంట్లో అది ఎంత పోగవుతుందో అమెరికా ఆహార, ఔషధ సంస్థ పట్టికలో చూడవచ్చు. కత్తి చేప మాంసంలో సగటున కిలోకు దాదాపు 1 మిల్లీగ్రాము పాదరసం ఉంటే, కవళ్లలో 0.013 మిల్లీగ్రాములే ఉన్నది. అంటే డెబ్భై రెట్లకు పైగా తేడా. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్న పిల్లలు ఈ చేపను తినకూడదని ఆ దేశంలో 2004 నుంచీ స్పష్టంగా చెబుతున్నారు, ఎందుకంటే మిథైల్ మెర్క్యురీ మాయను (ప్లాసెంటాను) దాటి వెళ్లి, అప్పుడే రూపుకడుతున్న శిశువు మెదడునూ నరాలనూ దెబ్బతీస్తుంది.

ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి మూడు నీళ్లతో కడిగితే పోతుందేమోనని మీరు అడిగారు. పోదు. అది నూనెలోనో రక్తంలోనో కాదు, కండలోని మాంసకృత్తులకే అతుక్కొని ఉంటుంది. వేయించినా, పులుసు పెట్టినా, నిప్పుల మీద కాల్చినా ముక్కతో పాటే కంచంలోకి వస్తుంది. మన ఒంట్లోకి చేరినది సగానికి తగ్గడానికే సుమారు 50 నుంచి 70 రోజులు పడుతుంది. అందుకే గర్భం వచ్చాక మానడం కంటే, పిల్లల కోసం ఆలోచిస్తున్న రోజుల నుంచే మానడం మేలు.

ఇక అసలు, నకిలీల సంగతి. ఈ పేరుతో ముక్కలు అమ్మే చోట నాకు తగిలినవి ప్రధానంగా రెండే, మార్లిన్, సొరచేప. ఆ రెండూ గర్భిణులు మానవలసిన చేపల పట్టికలో కత్తి చేప పక్కనే ఉన్నాయి. మోసపోయినా పోకపోయినా మీ చెల్లెలి విషయంలో జవాబు మారదని మొదట్లో అన్నది ఇందుకే. నాలుగేళ్ల కిందట నేనే మోసపోయాను. ఒక దుకాణంలో, పేరు చెప్పను, ఇదే పేరుతో ముక్కలు తెచ్చి వండుకున్నాము. తింటూ ఉండగానే మిరియాలు నమిలినట్టు నాలుక చురుక్కుమన్నది, అరగంటలో ముఖం, మెడ ఎర్రబడి గుండె దడదడ కొట్టుకున్నది. అది హిస్టమిన్ విషం. ఐస్ సరిగా లేక చేప వెచ్చబడితే బ్యాక్టీరియా పుట్టించేది, ఒకసారి పుట్టాక ఎంత మరిగించినా చావనిది. మిగిలిన ముక్కలను తీసి చూస్తే ఒకదాని అంచున మిగిలిపోయిన తోలు నిండా సన్నని ఎముక సూదులు గుచ్చుకొని ఉన్నాయి, అది మార్లిన్. ఇరవై ఏళ్లకు దగ్గరగా ఆ చేపలతోనే గడిపినవాణ్ణి తోలు తీసేసిన ముక్క చూసి పోల్చుకోలేకపోయానంటే, మీరు పోల్చుకోలేకపోవడంలో తప్పేమీ లేదు.

అందుకే కొనేటప్పుడు తోలు ఉన్న ముక్కే అడగండి. కత్తి చేప తోలు దళసరిగా, పొలుసు లేకుండా నున్నగా ఉంటుంది. వేలితో తోక నుంచి తల వైపుకు రుద్దితే మార్లిన్‌లో సూదులు తగులుతాయి, సొరచేపలో గరుకు కాగితం రుద్దినట్టు ఉంటుంది. మాంసం దంతపు తెలుపు నుంచి లేత గులాబీ వరకూ ఉండవచ్చు, ఒక్కోసారి తిన్న రొయ్యల వల్ల నారింజ ఛాయ కూడా వస్తుంది, అది లోపం కాదు. అడ్డంగా కోసిన ముక్కలో కండ వలయాలు వలయాలుగా కనిపిస్తుంది, దాని పక్కన ముదురు ఎరుపు కండ ఒక చోట ముద్దకట్టి ఉంటుంది. ఆ ఎరుపు రక్తంలా తాజాగా ఉంటే మంచిది, బెల్లం రంగుకు తిరిగితే ముక్క పాతబడిందని అర్థం. కరిగించినప్పుడు ముక్క మధ్యలో తెల్లని దారాల్లాంటి పురుగులు కనిపిస్తే భయపడకండి. ఈ చేపలో అవి మామూలే, తీసేసి బాగా ఉడికిస్తే హాని ఉండదు. చూడటానికి మాత్రం బాగుండదు.

మూడో ప్రశ్న ఆట గురించి. గాలంతో పట్టేవారిలో ఈ చేపకున్న గౌరవం దాని బరువు వల్ల వచ్చినది మాత్రమే కాదు. దానిని కనిపెట్టడమే కష్టం, కనిపెట్టినా ఎర ముట్టుకునేలా చేయడం ఇంకా కష్టం, ముట్టుకున్నాక దాని నోరు మెత్తన కావడం వల్ల గట్టిగా లాగితే గాలం చీల్చుకొని ఊడిపోతుంది. కాలిఫోర్నియాలోని కాటలీనా దీవి దగ్గర 1913లో మొట్టమొదటి కత్తి చేపను గాలపు కర్రతో, దారం చుట్టే చక్రంతో పట్టారు. గాలంతో పట్టినవాటిలో నేటికీ ప్రపంచ రికార్డుగా నిలిచినది 1953 మే 7న చిలీ దేశపు ఇకీకే తీరంలో లూ మారన్ పట్టిన 536 కిలోల చేప. డెబ్భై ఏళ్లు దాటినా ఎవ్వరూ దానిని మించలేదు. పైకి వచ్చినప్పుడే పట్టాలన్న ఆలోచన 1970లలో ఫ్లోరిడాలో మారింది. రాత్రిపూట వెలుగు గొట్టాలు కట్టి పట్టడం అక్కడ బాగా వ్యాపించింది, తరువాత బరువైన సీసం కట్టి పట్టపగలే వందల మీటర్ల లోతుకు ఎర దించే పద్ధతి వచ్చింది. ఒక చేపతో కొన్ని గంటలు పోరాడడం వారికి మామూలు సంగతి. చల్లని సముద్రాల్లో మాత్రం ఇది లోతు నుంచి వచ్చి నీటి పైన ఎండ కాచుకుంటూ కదలకుండా తేలుతుంది. అందువల్లే కెనడా తూర్పు తీరంలోనూ, ఇటలీ ప్రధాన భూభాగానికీ సిసిలీ దీవికీ మధ్య ఉన్న మెస్సీనా జలసంధిలోనూ దానిని బల్లెంతో కొట్టి పట్టే పని ఇప్పటికీ మిగిలి ఉన్నది. మెస్సీనాలో పడవకు ఎత్తైన స్తంభం కట్టి దాని మీద ఒకరు కూర్చొని చూస్తారు, పడవ ముందుకు పడవకంటే పొడవైన వంతెన లాంటిది సాగదీసి దాని కొసన బల్లెంవాడు నిలబడతాడు. ఒక్క చేప, ఒక్క దెబ్బ. చిన్నవాటిని చూసి వదిలేయవచ్చు. మా లాంగ్‌లైన్ పనిలో ఆ వెసులుబాటు ఉండేది కాదు, వద్దనుకున్న తాబేలూ సొరా కూడా అదే తాడుకు పడేవి, అది నాకు ఎప్పుడూ కొరతగానే అనిపించేది.

ఈ చేప తరిగిపోయిన చరిత్ర కూడా ఉన్నది. 1998లో అమెరికాలో చాలామంది పేరున్న వంటవారు తమ హోటళ్లలో దీనిని వండడం మానేశారు, మరుసటి ఏడాది ఉత్తర అట్లాంటిక్‌లో పదేళ్ల పునరుద్ధరణ ప్రణాళిక మొదలైంది, 2009 నాటికి అక్కడి నిల్వలు కోలుకున్నాయని ప్రకటించారు. మధ్యధరాలో పరిస్థితి అంత బాగులేదు. మన హిందూ మహాసముద్రంలో దీని వేటను సీషెల్స్ కేంద్రంగా ఉన్న ట్యూనా కమిషన్ పర్యవేక్షిస్తుంది.

మీ చెల్లెలికి చేప అసలే మాన్పించమని మాత్రం నేను చెప్పను. మనది చెరువుల ప్రాంతం. రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల బొచ్చె, రవ్వ నీటిలోని సూక్ష్మజీవులనూ నాచునూ తిని పెరుగుతాయి, అంటే నేను చెప్పిన మెట్లలో అడుగున ఉంటాయి. వారానికి రెండు సార్లు అవి పెట్టండి. సముద్రపు చేపే కావాలంటే కవళ్లు, నెత్తళ్లు మంచివి. ఎండు నెత్తళ్లైతే ఉప్పు పోయేలా బాగా నానబెట్టి వండాలి. వంజరం కూడా వేటాడి తినే చేపే కాబట్టి, ముఖ్యంగా పెద్ద వంజరాన్ని, కాన్పు అయ్యేదాకా దూరంగా ఉంచితే మంచిది.

ఇంట్లో మిగిలిన పెద్దవాళ్లు ఆ ముక్కలను అప్పుడప్పుడు తినడానికి అభ్యంతరం లేదు, పిల్లలకు మాత్రం పెట్టకండి. వండేటప్పుడు దీనిని బొచ్చెలా పులుసులో ముందే వేసి మరిగిస్తే ముక్క కొబ్బరి చిప్పలా బిగుసుకుపోతుంది. చింతపండు పులుసు ఉల్లిగడ్డ, మెంతులతో బాగా మరిగి చిక్కబడ్డాక, ముక్కలను చివర వేసి ఐదారు నిమిషాలు మూతపెట్టి దించేయాలి. దీనికి అంతకంటే మంచిది పెనం. కారం, అల్లంవెల్లుల్లి, కొంచెం నూనె పట్టించి, అంగుళం మందం ముక్కను ఒక్కో వైపు నాలుగు నిమిషాలు కాల్చితే సరిపోతుంది, పొరలు విడిపోకుండా మాంసం ముక్కలా నిలుస్తుంది. అయితే వండే ముందు ఒక ముక్కను పూర్తిగా కరిగించి వాసన చూడండి, అమ్మోనియా వాసన వస్తే అది సొరచేప అయ్యే అవకాశమే ఎక్కువ. వండాక మొదటి ముద్దకే నాలుక చురుక్కుమంటే కూర బాగానే ఉన్నదని సరిపెట్టుకోకుండా అక్కడే ఆపేసి పారబోయండి. మీ దగ్గర తోలున్న ముక్క ఒక్కటైనా మిగిలి ఉంటే, తోలు వైపూ కోసిన వైపూ పగటి వెలుతురులో తీసిన ఫొటోలు పెట్టండి, చూసి చెబుతాను.